లాప్‌టాప్ నెమ్మదించిందా? ట్వీకులు, ఎస్‌ఎస్‌డీ, లినక్స్: ఎవరికి ఏది సరిపోతుంది

విశాఖపట్నం గాజువాకలో మా బాబాయి చిన్న అకౌంట్స్ ఆఫీసు నడుపుతున్నారు. ఆ మధ్య ఒక ఆదివారం పొద్దున్నే లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని మద్దిలపాలెంలో మా ఇంటికి వచ్చేశారు. "ఒరేయ్, దీన్ని ఆన్ చేసి, స్నానం చేసి, టిఫిన్ తిని వచ్చినా ఆ చక్రం తిరుగుతూనే ఉంటోంది. వీడియోలు చూసి ఏవేవో సెట్టింగులు మార్చాను, ఏం లాభం లేదు. జీఎస్టీ రిటర్నుల టైమ్ వచ్చిందంటే టెన్షన్. కొత్తది కొనేయమంటావా?" అని అడిగారు.

అదే నెలలో పిన్ని కూతురు తన ఇంజనీరింగ్ లాప్‌టాప్ గురించి అదే ప్రశ్న వేసింది, తర్వాత పెదవాల్తేరులో ఉండే మావయ్య వేశారు. ముగ్గురి మాటా ఒకటే, "స్లో అయిపోయింది". మెషీన్లు తెరిచి చూస్తే ముగ్గురి సమస్యలూ వేరు, కాబట్టి మందులూ వేరు. ఇలా అడిగే ప్రతి ఒక్కరికీ ఫోన్‌లో గంటసేపు చెప్పేది ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్ సెట్టింగులు మార్చడం (వీటినే ట్వీకులంటారు) వల్ల లాభం ఉంది, కానీ అది పది నిమిషాల పని, పది రోజుల పని కాదు. ఆ పది నిమిషాల్లో తేడా రాకపోతే అడ్డు వేరేచోట ఉందని అర్థం, దాని మీద డబ్బో సమయమో పెట్టాలి.

ముందు ఎక్కడ ఆగుతోందో చూడండి

ఎన్‌ఏడీ జంక్షన్‌లో ఫ్లైఓవర్ లేని రోజులు గుర్తున్నాయా? గాజువాక నుంచి ఎంత వేగంగా వచ్చినా అక్కడికొచ్చి ఆగాల్సిందే. అప్పుడు షీలానగర్ దగ్గర రోడ్డు ఎంత వెడల్పు చేసినా ఊళ్ళోకి ఒక్క నిమిషం ముందు చేరేవాళ్ళం కాదు. కంప్యూటర్‌లో కూడా ఇలాంటి జంక్షన్ ఒకటి ఉంటుంది, అది ఏదో తెలియకుండా మిగతా రోడ్లన్నీ వెడల్పు చేసుకుంటూ కూర్చుంటాం.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. మెషీన్ బాగా ఇబ్బంది పెడుతున్న సమయంలోనే దాన్ని తెరవండి, అంతా ప్రశాంతంగా ఉన్నప్పుడు చూస్తే ఏమీ తెలియదు. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో డిస్క్ అన్నది 100 శాతం దగ్గర అతుక్కుపోయి, సీపీయూ (ప్రాసెసర్) మాత్రం 10, 15 శాతంలో ఉంటే మీ జంక్షన్ హార్డ్ డిస్క్. మెమరీ 90 శాతం దాటి ఉంటే ర్యామ్, అంటే తెరిచి ఉన్న ప్రోగ్రాములు కూర్చునే చోటు. ఇక సీపీయూ దగ్గర బేస్ స్పీడ్ అని ఒక అంకె ఉంటుంది, పక్కనే ప్రస్తుతం నడుస్తున్న స్పీడ్ ఉంటుంది. ఛార్జర్ పెట్టి ఉండి, పని ఎక్కువగా ఉండి కూడా ఆ రెండోది మొదటి దానికంటే బాగా తక్కువలో, అంటే 2.4 గిగాహెర్ట్జ్ ఉండాల్సిన చోట 0.8 దగ్గర ఉండిపోతే, అది వేడి సమస్య కావచ్చు, లేదా ఛార్జర్ సమస్య కావచ్చు. కొన్ని లాప్‌టాప్‌లు తమ ఒరిజినల్ ఛార్జర్‌ని గుర్తించకపోతే ప్రాసెసర్ వేగాన్ని తగ్గించేస్తాయి. ఈ సంగతి తెలియక విండోస్ మళ్ళీ మళ్ళీ ఇన్‌స్టాల్ చేయించినవాళ్ళని చూశాను.

బాబాయి లాప్‌టాప్‌లో ఇంటెల్ ఆరో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, నిమిషానికి 5400 చుట్లు తిరిగే 1 టీబీ హార్డ్ డిస్క్ ఉన్నాయి. ఆన్ చేసిన దగ్గర్నుంచి డిస్క్ 100 శాతమే, కిందికి దిగితే ఒట్టు. చెల్లిది పదకొండో తరం ఐ5, 8 జీబీ, లోపల ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని చిప్‌ల డిస్క్. దానిలో డిస్క్ ఖాళీగానే ఉంది, మెమరీ నిండిపోయింది, పైగా బాగా వేడెక్కుతోంది. మావయ్యది 2012 నాటి మూడో తరం మెషీన్. ఈ మూడింటినే ఉదాహరణగా పెట్టుకుని మిగతాది చెబుతాను.

ఒక జాగ్రత్త. డిస్క్ 100 శాతం అని చూపించినప్పుడు వెంటనే సెట్టింగుల జోలికి వెళ్ళకుండా ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రామ్‌తో డిస్క్ ఆరోగ్యం చూడండి. పసుపు రంగులో కాషన్ అని వచ్చిందంటే డిస్క్ పోయే దారిలో ఉందని అనుకోండి. అప్పుడు ట్వీకులూ వద్దు, ఏమీ వద్దు, ఆ రోజే ఫోటోలు, టాలీ (అకౌంట్స్ ప్రోగ్రామ్) డేటా వేరే చోటికి కాపీ చేసుకోండి.

పది నిమిషాల ట్వీకులు

నిజంగా తేడా చూపించేవి కొన్నే. అన్నిటికంటే ముందు స్టార్టప్ యాప్స్. టాస్క్ మేనేజర్‌లోనే ఆ జాబితా ఉంటుంది, ప్రింటర్ కంపెనీ అప్‌డేటర్, మీటింగుల యాప్, గేమ్ లాంచర్, ఎప్పుడో వాడిన మ్యూజిక్ యాప్ అన్నీ అక్కడ క్యూ కట్టి ఉంటాయి. వాటిని డిసేబుల్ చేస్తే అవి పోవు, మీరు పిలిచినప్పుడే వస్తాయి, అంతే. హార్డ్ డిస్క్ ఉన్న మెషీన్‌కి ఈ ఒక్క పనితో వచ్చే ఉపశమనం మిగతా ట్వీకులన్నీ కలిపినా రాదు.

రెండోది, రెండు యాంటీవైరస్‌లు. కొన్నప్పుడు ట్రయల్‌గా వచ్చిందొకటి, షాపతను వేసిందొకటి, రెండూ ప్రతి ఫైల్‌నీ తలో సారి తనిఖీ చేస్తుంటే పాత డిస్క్ ఎలా తట్టుకుంటుంది? ఇంటి వాడకానికి విండోస్‌తో వచ్చే డిఫెండర్ సరిపోతుంది, గడువు తీరిన ట్రయల్‌ని తీసేయండి.

ఇక బ్రౌజర్. మనలో చాలామందికి కంప్యూటర్ అంటే బ్రౌజరే కదా. క్రోమ్‌లో మెమరీ సేవర్, ఎడ్జ్‌లో స్లీపింగ్ ట్యాబ్స్ అనేవి ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి, వాడని ఎక్స్‌టెన్షన్లు తీసేయండి. చెల్లి లాప్‌టాప్‌లో 40కి పైగా ట్యాబులు, వాటితో పాటు కూపన్లు వెతికిపెట్టే ఎక్స్‌టెన్షన్లు మూడు కనిపించాయి. అవి తీసేశాకే సగం బరువు దిగింది.

షట్‌డౌన్, రీస్టార్ట్ ఒకటే అనుకుంటారు చాలామంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉంది, షట్‌డౌన్ నొక్కినా సిస్టమ్ లోపలి భాగం పూర్తిగా మూతపడదు, దాని స్థితి డిస్క్ మీద సేవ్ అయి మళ్ళీ అక్కడి నుంచే లేస్తుంది. అందుకే రోజూ ఆఫ్ చేస్తున్నా టాస్క్ మేనేజర్‌లో అప్‌టైమ్ 20 రోజులని చూపిస్తుంది. రీస్టార్ట్ చేస్తే మాత్రం అంతా కొత్తగా మొదలవుతుంది. హార్డ్ డిస్క్ ఉన్నవాళ్ళు ఫాస్ట్ స్టార్టప్ ఉంచుకుని, వారానికోసారి రీస్టార్ట్ కొట్టండి. ఎస్‌ఎస్‌డీ ఉన్నవాళ్ళు దాన్ని ఆపేసినా ఆన్ అవడానికి పట్టే సమయంలో పెద్దగా తేడా తెలియదు, చిన్న చిన్న డ్రైవర్ తలనొప్పులు తగ్గుతాయి.

విజువల్ ఎఫెక్ట్స్ గురించి తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. అందరూ చెప్పే సలహా, అడ్జస్ట్ ఫర్ బెస్ట్ పెర్ఫార్మెన్స్ నొక్కేయమని. అది నొక్కగానే జాబితాలో అన్ని టిక్కులూ పోతాయి, వాటితో పాటు అక్షరాల అంచుల్ని నునుపు చేసే టిక్కు కూడా పోతుంది. ఇంగ్లీష్ అయితే ఎలాగో చదవొచ్చు. మన ఒత్తులు, గుడులు, తలకట్లు మాత్రం గరుకుగా విరిగిపోయి, గంటసేపు ఈ-పేపర్ చదివితే కళ్ళు లాగేస్తాయి. కాబట్టి మిగతావన్నీ తీసేసి స్మూత్ ఎడ్జెస్ ఆఫ్ స్క్రీన్ ఫాంట్స్ అన్న దాన్ని మాత్రం మళ్ళీ టిక్ చేయండి. ఆ ఒక్కదానివల్ల వేగం తగ్గదు.

వదిలేయాల్సిన ట్వీకులు

ఇక్కడ కొంచెం గట్టిగానే చెబుతాను, ఎందుకంటే దీనివల్ల నష్టపోయినవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. సీతమ్మధారలో మా అత్త బట్టల షాపు నడుపుతుంది. బిల్లింగ్ కంప్యూటర్ నెమ్మదించిందని ఒక రిపేరు షాపుకి ఇస్తే, అతను రిజిస్ట్రీని (విండోస్ తన సెట్టింగులన్నీ రాసుకునే చోటు) శుభ్రం చేస్తానంటూ ఏదో రిజిస్ట్రీ క్లీనర్ నడిపి, వెనకాల నడిచే సర్వీసుల్లో అవసరం లేనివంటూ కొన్ని ఆపేసి ఇచ్చాడు. మర్నాడు బిల్లు ప్రింట్ అవలేదు, ఎందుకంటే ఆపినవాటిలో ప్రింటర్‌కి పనులు పంపే ప్రింట్ స్పూలర్ ఉంది. పెళ్ళిళ్ళ సీజన్, షాపు నిండా జనం, అత్త చేత్తో బిల్లులు రాసుకుంటూ కూర్చుంది. రిజిస్ట్రీ క్లీనర్లని తాము సపోర్ట్ చేయబోమని మైక్రోసాఫ్టే స్పష్టంగా చెప్పింది. రిజిస్ట్రీలో వెయ్యి పనికిరాని లైన్లున్నా మెషీన్ నెమ్మదించదు, పనికొచ్చే లైన్ ఒకటి పోతే మాత్రం ఆగిపోతుంది.

ఎంఎస్‌కాన్ఫిగ్ అనే విండోస్ సెట్టింగుల పేజీలో నంబర్ ఆఫ్ ప్రాసెసర్స్ పెంచమని చెప్పే వీడియోలు తెలుగులో కూడా బోలెడు. ఆ సెట్టింగ్ ఉన్నది పెంచడానికి కాదు, పరీక్షల కోసం కోర్లని, అంటే ప్రాసెసర్‌లో పనిచేసే భాగాల్ని, తగ్గించడానికి. టిక్ లేకపోతే విండోస్ అన్ని కోర్లనీ వాడుకుంటుంది. బాబాయి అందులో 2 అని పెట్టుకున్నారు, ఆ ప్రాసెసర్‌లో నాలుగు థ్రెడ్‌లుంటే (విండోస్ లెక్కలో నాలుగు ప్రాసెసర్లు) సగం తనే కట్టేసుకున్నారన్నమాట.

ర్యామ్ క్లీనర్లు కూడా అంతే. అవి మెమరీలో ఉన్నదాన్ని డిస్క్ మీదకి తోసేసి ఖాళీ చూపిస్తాయి, రెండు నిమిషాల్లో అదంతా మళ్ళీ డిస్క్ నుంచి లాక్కురావాలి. పేజ్‌ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే చోటు) తీసేయమనే సలహా 4 జీబీ మెషీన్ మీద పాటిస్తే ప్రోగ్రాములు చెప్పాపెట్టకుండా మూసుకుపోతాయి. ప్రీఫెచ్ ఫోల్డర్ ఖాళీ చేస్తే తర్వాతిసారి ప్రోగ్రాములు ఇంకా ఆలస్యంగా తెరుచుకుంటాయి. టెంప్ ఫైళ్ళు తీసేయడం తప్పు కాదు, డిస్క్ నిండిపోయి ఉంటే అవసరం కూడా, కానీ దానివల్ల వచ్చేది చోటు, వేగం కాదు.

మధ్యలో ఉండేవి రెండున్నాయి. సిస్‌మెయిన్, అంటే ఒకప్పటి సూపర్‌ఫెచ్, మీరు తరచూ వాడే ప్రోగ్రాముల్ని ముందే మెమరీలోకి తెచ్చిపెట్టే సర్వీస్. హార్డ్ డిస్క్, 4 జీబీ ర్యామ్ ఉన్నచోట అది ఒక్కోసారి భారమవుతుంది, ఒక వారం ఆపి చూసి, తేడా లేకపోతే మళ్ళీ ఆన్ చేసేయండి. రెండోది కోర్ ఐసోలేషన్‌లోని మెమరీ ఇంటెగ్రిటీ. విండోస్ లోపలి భాగాన్ని హానికరమైన డ్రైవర్ల నుంచి కాపాడే ఈ రక్షణ వల్ల కొన్ని గేముల్లో వేగం తగ్గుతుంది, గేమ్ ఆడేటప్పుడు కావాలంటే ఆపుకోవచ్చు, తర్వాత ఆన్ చేసుకోండని మైక్రోసాఫ్ట్ స్వయంగా చెప్పింది. గేములు ఆడని మెషీన్‌లో, బ్యాంకు పనులు చేసుకునే మెషీన్‌లో దాన్ని ముట్టుకోవద్దు.

ఏ మార్పు చేసినా దానికి ముందు రీస్టోర్ పాయింట్ (తేడా వస్తే పాత సెట్టింగులకి వెనక్కి వెళ్ళే గుర్తు) పెట్టుకోండి, ఒకసారికి ఒక్కటే మార్చండి. ఐదు కలిపి మారిస్తే ఏది పని చేసిందో, ఏది చెడగొట్టిందో మీకే తెలియదు.

ట్వీకులా, కొత్తగా ఇన్‌స్టాల్ చేయడమా?

నాలుగైదేళ్ళుగా చేతులు మారుతూ, ఎవరెవరో ఏవేవో వేసిన మెషీన్ అయితే ఒక్కోటి వెతికి సరిచేయడం కంటే విండోస్‌ని మొదటి నుంచి వేసేయడమే నయం. 8 జీబీ పెన్‌డ్రైవ్, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ (విండోస్‌ని పెన్‌డ్రైవ్ మీదకి ఎక్కించే ప్రోగ్రామ్), ఒక మధ్యాహ్నం సమయం చాలు. విండోస్‌తో పాటు కొన్న లాప్‌టాప్ అయితే లైసెన్స్ మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది, అదే ఎడిషన్ వేస్తే ఇంటర్నెట్‌కి కలిపాక తనంతట తనే యాక్టివేట్ అవుతుంది. షాపులో లైసెన్స్ కోసం విడిగా డబ్బులడిగితే ఇది గుర్తుంచుకోండి. కరెంటు పోయే సూచనలున్నప్పుడు, ముఖ్యంగా తుఫాను హెచ్చరిక ఉన్న రోజుల్లో, యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద ఈ పని మొదలుపెట్టకండి.

లైట్ వెర్షన్ అని, గేమింగ్ ఎడిషన్ అని ఎవరో కత్తిరించి పెట్టిన విండోస్ కాపీలు దొరుకుతాయి. నిజంగానే తేలిగ్గా నడుస్తాయి, నేనూ పాత మెషీన్ మీద వేసి చూశాను. కానీ అందులో ఏం తీశారో, ఏం కలిపారో మనకి కనపడదు, కొన్నిటిలో అప్‌డేట్లు, డిఫెండర్ కూడా తీసేసి ఉంటాయి. బ్యాంకు పాస్‌వర్డ్, క్లయింట్ల పాన్ నంబర్లు ఉండే మెషీన్‌లో అలాంటిది వేయడానికి నేను ఒప్పుకోను. క్రాక్ యాక్టివేటర్ల విషయంలో కూడా నా మాట ఇదే.

డబ్బు పెట్టాల్సి వస్తే: ఎస్‌ఎస్‌డీ ముందా, ర్యామ్ ముందా?

హార్డ్ డిస్క్ ఉన్న మెషీన్‌కి ఎస్‌ఎస్‌డీయే ముందు, ఇందులో నాకు సందేహం లేదు. కారణం లెక్కలోనే ఉంది. 5400 చుట్ల డిస్క్ ఒక్క చుట్టు తిరగడానికి 11 మిల్లీసెకన్లు పడుతుంది, దాని మీద సూదిలాంటి హెడ్ కావాల్సిన చోటికి జరగడానికి మరికొంత. అంటే అక్కడక్కడా చెదిరి ఉన్న చిన్న ముక్కల్ని సెకనుకి వంద కూడా చదవలేదు. విండోస్ లేచేటప్పుడు అడిగేది వేలకొద్దీ ఇలాంటి చిన్న ముక్కల్నే. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ జరిగేదీ ఏమీ లేదు, సెకనుకి వేలు, పదివేల ముక్కలు ఇస్తుంది. ఏ ట్వీకూ ఈ తేడాని పూడ్చలేదు.

పాత లాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ చోటే పెట్టే మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ చాలు, దాని వేగం సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగుతుంది. ఎన్‌వీఎంఈ అనే కొత్త రకం ఎస్‌ఎస్‌డీ అయితే అంతకంటే ఎన్నో రెట్లు, కానీ దానికి స్లాట్ ఉండాలి, పైగా టాలీ తెరవడంలో, బ్రౌజర్ వాడటంలో ఆ రెండింటికీ తేడా చేతికి పెద్దగా తెలియదు. డీవీడీ డ్రైవ్ ఉన్న లాప్‌టాప్ అయితే దాన్ని తీసి ఆ చోట క్యాడీలో (డిస్క్‌ని పట్టి ఉంచే చట్రం) పాత హార్డ్ డిస్క్ పెట్టుకోవచ్చు. క్యాడీలు 9.5, 12.7 మిల్లీమీటర్లని రెండు మందాల్లో ఉంటాయి, కొలత చూసుకోకుండా కొంటే మళ్ళీ కంప్యూటర్ షాపులుండే ద్వారకానగర్ దాకా వెళ్ళాలి.

ర్యామ్ మాట. విండోస్ 11కి 4 జీబీ చాలని కాగితం మీద ఉంటుంది, దానితో బతకడం వేరు. ఇవాళ్టి బ్రౌజర్లతో 8 జీబీ అన్నది కనీసం. టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర స్లాట్స్ యూజ్డ్ అని ఉంటుంది, రెండింటిలో ఒకటే వాడి ఉంటే రెండో దానిలో అదే రకం స్టిక్ వేసుకోవచ్చు. అలా జంటగా ఉంటే విడి గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్‌లలో బొమ్మ కూడా మెరుగ్గా కదులుతుంది. ర్యామ్ రకాల్లో డీడీఆర్3, డీడీఆర్4 ఒకదాని చోట ఒకటి పనికిరావు, డీడీఆర్3ఎల్ కావాల్సిన చోట మామూలు డీడీఆర్3 నడవకపోవచ్చు, కొన్నిటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, అందుకే కొనేముందు మోడల్ నంబర్ షాపతనికి చూపించండి. ధరలు ఈ మధ్య బాగా మారుతున్నాయి, ద్వారకానగర్‌లో ఒక్క షాపులో అడిగి ఆగిపోకండి, మూడు నాలుగు షాపుల్లో అడగండి.

ఉప్పుగాలి, చెమట, ఫ్యాన్

విశాఖలో ఉన్నవాళ్ళకి ఇది ఒక పేరా ఎక్కువే రాయాలి. మే నెలలో థర్మామీటర్ 35 దగ్గరే ఉన్నా గాలిలో తేమకి చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. బీచ్ వైపు ఇళ్ళలో అయితే కిటికీ ఊచలు, గేటు గొళ్ళేలు ఎంత త్వరగా తుప్పు పడతాయో మనకి తెలుసు. లాప్‌టాప్ ఫ్యాన్ లాగేదీ అదే గాలి. తేమకి దుమ్ము పొడిగా ఉండదు, హీట్‌సింక్ (వేడిని బయటికి పంపే లోహపు భాగం) రెక్కల మధ్య తడి దూదిలా పేరుకుంటుంది. పెదవాల్తేరు మావయ్య లాప్‌టాప్ వెనక మూత విప్పడానికే అరగంట పట్టింది, స్క్రూలు తుప్పుపట్టి తిరగలేదు.

ప్రాసెసర్ తట్టుకోగల వేడికి ఒక హద్దు ఉంటుంది, ఇంటెల్ లాప్‌టాప్ చిప్‌లలో అది చాలావరకు 100 డిగ్రీల దగ్గర. అక్కడికి చేరగానే తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మీకు అది స్లో అయినట్టు కనిపిస్తుంది, అప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఎంత వెతికినా తప్పు దొరకదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఉష్ణోగ్రత చూస్తూ పని చేయండి, ఊరికే బ్రౌజర్ వాడుతున్నా 90 దాటుతోందంటే ముందు ఫ్యాన్ శుభ్రం చేయించి, థర్మల్ పేస్ట్ మార్పించండి. సముద్రం దగ్గర ఉండేవాళ్ళు ఏడాదికోసారి చేయిస్తే మంచిది.

ఇక్కడ నిజంగా పనికొచ్చే ట్వీక్ ఒకటుంది. పవర్ ఆప్షన్స్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ని 100 నుంచి 99కి తగ్గిస్తే చాలా లాప్‌టాప్‌లలో టర్బో, అంటే ప్రాసెసర్ బేస్ స్పీడ్ దాటి పరుగెత్తడం, ఆగిపోతుంది. పేరుకి ఇది వేగం తగ్గించడమే, కానీ ఒక నిమిషం పరుగెత్తి పది నిమిషాలు ఆయాసపడే మెషీన్ ఒకే నడకలో స్థిరంగా నడుస్తుంది, ఫ్యాన్ గోల తగ్గుతుంది. చెల్లి హాస్టల్ గదిలో ఏసీ లేదు. వేసవి నెలల్లో 99, డిసెంబర్‌లో మళ్ళీ 100 పెట్టుకోమని చెప్పాను. కొన్ని కొత్త మోడళ్ళలో ఈ సెట్టింగ్ కనిపించదు, అక్కడ పవర్ మోడ్‌ని బ్యాలెన్స్‌డ్‌లో ఉంచితే చాలు. పరుపు మీద, దిండు మీద పెట్టి వాడటం మాత్రం మానేయండి, గాలి లాగే రంధ్రాలు కిందే ఉంటాయి.

విండోస్ 10లోనే ఉండాలా, 11కి వెళ్ళాలా, లినక్స్‌కి మారాలా?

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మెషీన్ ఆగిపోదు, కానీ భద్రతా అప్‌డేట్లు రావు. ఇంటి వాడకందార్లకి ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ అని ఒక ఏడాది వెసులుబాటు ఇచ్చారు, దాని గడువు 2026 అక్టోబర్ 13. 22హెచ్2 వెర్షన్‌లో ఉండి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగులు సింక్ చేసుకుంటే డబ్బు కట్టక్కర్లేదు, లేదంటే 1000 రివార్డ్ పాయింట్లతోనో, 30 డాలర్లు కట్టో చేరవచ్చు. విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ అన్న లింకు ఉంటుంది.

విండోస్ 11కి టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సౌకర్యాలు మెషీన్‌లో ఉండాలి, ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటారు. అడ్డదారిలో పాత మెషీన్ మీద కూడా వేయవచ్చు, వేస్తున్నారు కూడా, కానీ అలా వేసినవాటికి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. అర్హత ఉన్న మెషీన్, 8 జీబీ, ఎస్‌ఎస్‌డీ ఉంటే 11కి వెళ్ళిపోండి, వేగంలో 10కీ దానికీ చెప్పుకోదగ్గ తేడా ఉండదు. 11ని కొత్తగా వేసుకుంటే చాలా లాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ (కీ లేకుండా డేటా చదవడానికి వీల్లేకుండా వేసే తాళం) తనంతట తనే ఆన్ అవుతుంది. బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే మెషీన్ సెట్టింగులు) ఏది మార్చే ముందైనా రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందో లేదో చూసి, కాగితం మీద కూడా రాసిపెట్టుకోండి. అది లేక డేటా మొత్తం పోగొట్టుకుంటే తిరిగి తెచ్చే దారి లేదు.

లినక్స్ (విండోస్ బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) మాటకొస్తే, పాత మెషీన్‌కి నేను లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన రకాన్ని సూచిస్తాను. మింట్ 22 వరుసకి 2029 వరకు అప్‌డేట్లు ఉన్నాయి, మెనూ కింద ఎడమవైపే ఉంటుంది కాబట్టి విండోస్ అలవాటున్నవాళ్ళు తడబడరు. గొప్ప సౌకర్యం ఏమిటంటే, ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడవచ్చు. వైఫై పట్టుకుంటోందా, సౌండ్ వస్తోందా, ప్రింటర్ పని చేస్తోందా అని ఒక సాయంత్రమంతా పరీక్షించండి. మన షాపుల్లో ఎక్కువగా కనిపించే కొన్ని పాత లేజర్ ప్రింటర్లు లినక్స్‌తో మొండికేస్తాయి. తెలుగు టైపింగ్‌కి ఇబ్బంది లేదు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ సెట్టింగుల్లోనే ఉంటుంది.

కానీ ఎవరు మారకూడదో కూడా చెప్పాలి. టాలీ మీద బతికేవాళ్ళు, డిజిటల్ సంతకం టోకెన్‌తో రిటర్నులు వేసేవాళ్ళు, పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పెళ్ళి కార్డులు, కరపత్రాలు చేసే డీటీపీవాళ్ళు లినక్స్ జోలికి వెళ్ళవద్దు. ఎలాగోలా నడిపించే మార్గాలున్నాయి, కానీ రేపు ఆఖరి తేదీ అనగా రాత్రి పదింటికి టోకెన్ గుర్తించకపోతే ఆ నష్టం మీదే. గూగుల్ వాళ్ళ ఆపరేటింగ్ సిస్టమ్ క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ కూడా ఒక దారి, 4 జీబీ ర్యామ్ ఉంటే చాలు, ఉచితం. అయితే అది పూర్తిగా బ్రౌజరే, ఫోన్‌లోని ఆండ్రాయిడ్ యాప్‌లు కూడా అందులో నడవవు, నెట్ సరిగ్గా లేని ఇంట్లో పెట్టవద్దు.

కొత్త లాప్‌టాప్ ఎప్పుడు కొనాలి? ర్యామ్ బోర్డుకి అతికించి 4 జీబీ దగ్గర ఆగిపోయిన మెషీన్ అయితే, లేదా స్క్రీన్, బ్యాటరీ, కీబోర్డ్ మూడూ ఒకేసారి పోయి ఉంటే, అప్పుడు పాతదాని మీద రూపాయి కూడా పెట్టవద్దు.

ఆ ముగ్గురి సంగతి

చెల్లికి రూపాయి ఖర్చు లేదు. స్టార్టప్ యాప్స్, ఎక్స్‌టెన్షన్లు, ఆ 99 సెట్టింగ్, ఫ్యాన్ శుభ్రం చేయడం, అంతే. ప్రాజెక్ట్ కోసం వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్ లోపల నడిపే మరో కంప్యూటర్ లాంటివి) నడపాల్సి వస్తే రెండో స్లాట్‌లో ఇంకో 8 జీబీ వేద్దామన్నాను. మావయ్యకి మింట్ వేశాం, ఇంట్లో పడి ఉన్న 240 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి పెట్టాం. ఆయన పొద్దున పేపర్ చదువుతారు, మధ్యాహ్నం పాత పాటలు వింటారు, మనవరాలితో వీడియో కాల్ మాట్లాడతారు. ఈ మూడూ బాగానే జరుగుతున్నాయి. మొదటి వారం నాలుగుసార్లు ఫోన్ చేశారు, రెండో వారం చేయలేదు.

బాబాయికి విండోస్ 10నే కొత్తగా వేసి, 480 జీబీ ఎస్‌ఎస్‌డీ, మరో 4 జీబీ ర్యామ్ పెట్టి, ఆ ఏడాది అప్‌డేట్లకి ఎన్‌రోల్ చేశాను. ఆన్ చేసి టాలీ తెరవడానికి నిమిషం కూడా పట్టడం లేదు. ఆరో తరం ప్రాసెసర్ కాబట్టి అధికారికంగా 11కి వెళ్ళే దారి లేదు, అప్‌డేట్ల గడువు తీరేలోపు ఎనిమిదో తరం దాటినది ఒకటి కొనాల్సిందే, ఆ మాట ఆయనకి ముందే చెప్పాను. అప్పుడు ఈ ఎస్‌ఎస్‌డీని తీసి ఒక ఎన్‌క్లోజర్‌లో (యూఎస్‌బీతో తగిలించే డబ్బా) పెట్టి బ్యాకప్‌కి వాడుకుంటారు. పాత 1 టీబీ హార్డ్ డిస్క్ ఇప్పటికే ఆ పనిలో ఉంది, ప్రతి నెలా రిటర్నులు వేసిన రోజు సాయంత్రం టాలీ డేటా దాని మీదకి కాపీ చేసి బీరువాలో పెడుతున్నారు.